నాలుగో నిమిషం దాకా గూడబాతు రాలేదు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే అడిగాయి: చెరువు మీదో, పిట్ట మీదో, అడవి మీదో ఒక చిత్రం తీశాం, పర్యావరణ చిత్రోత్సవాలకు ఎలా పంపాలి అని. ఇరవై రెండేళ్లుగా డాక్యుమెంటరీలు ఎడిట్ చేస్తున్నాను. ఇలాంటి ఉత్సవాలకు తొలి వడపోత చేసే బృందాల్లో చాలాసార్లు కూర్చున్నాను. నేను పంపిన చిత్రాలు తిరిగొచ్చిన రోజులూ ఉన్నాయి. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇస్తున్నాను.

ప్రశ్న: కైకలూరు దగ్గర లంక గ్రామంలో స్కూలు మాస్టారిని. రెండు శీతాకాలాలు సెలవు రోజుల్లో ఆటపాక వెళ్లి, సెల్‌ఫోన్‌తో గూడబాతుల్ని తీశాను. చిత్రం 38 నిమిషాలు వచ్చింది. లక్షల రూపాయల కెమెరాలతో తీసేవాళ్ల మధ్య దీన్ని ఎవరైనా చూస్తారా? ఎక్కడికి పంపాలి? లింకు పెడుతున్నాను, దయచేసి చూసి చెప్పండి.

మాస్టారూ, రెండుసార్లు చూశాను. ఫోన్‌తో తీశారన్నది నాకు ఎక్కడా అడ్డు రాలేదు. అడ్డొచ్చింది మొదటి నాలుగు నిమిషాలు. సూర్యోదయం, డ్రోన్‌తో తీసిన సరస్సు, దాని మీద కొల్లేటి చరిత్ర చదువుతున్న గొంతు. నాలుగో నిమిషం దాటాక గానీ మొదటి గూడబాతు కనపడలేదు.

వడపోత ఎలా జరుగుతుందో చెబితే ఇది ఎందుకు నష్టమో మీకే తెలుస్తుంది. చూసేవాళ్లు రాత్రి భోజనం అయ్యాక చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, లాప్‌టాప్ ముందు కూర్చుంటారు. జాబితాలో ఇంకా ముప్పయ్యో నలభయ్యో చిత్రాలు ఉంటాయి. వాటిలో డజనుకు పైగా సూర్యోదయంతోనే మొదలవుతాయి. నేను ప్రతి చిత్రాన్నీ చివరిదాకా చూస్తాను, అది నా నియమం. కానీ ఈ మనిషి అక్కడ ఉండి చూశాడా, వచ్చి తీసుకుపోయాడా అన్న అభిప్రాయం మాత్రం మొదటి రెండు మూడు నిమిషాల్లోనే పడిపోతుంది. తర్వాత దాన్ని మార్చడం కష్టం.

మీరు అక్కడ ఉండి చూసినవారు. దానికి సాక్ష్యం మీ చిత్రంలోనే, 17వ నిమిషంలో ఉంది. చెట్లు చచ్చిపోయాక అటవీశాఖ నీళ్లలో పాతిన ఇనుప స్టాండు. దాని మీద పుల్లల గూడు. పిల్ల తన తల మొత్తం తల్లి ముక్కు కింద సంచిలోకి దూర్చి చేప లాక్కుంటోంది. అది లాగినప్పుడల్లా స్టాండు ఊగుతోంది, తుప్పు పట్టిన తీగ ఒకటి కిర్రుమంటోంది. నలభై సెకన్లు మీరు కెమెరా కదపలేదు, మాట్లాడలేదు. నేను కుర్చీలో ముందుకు జరిగాను. చెట్టు మీద ఉండాల్సిన పక్షి ఇనుము మీద ఎందుకుంది? ఆ ప్రశ్న చూసేవాడికి పుట్టింది కాబట్టి ఇక మీరు కాంటూర్ల గురించి, అంటే సరస్సు హద్దులు చెప్పే ఎత్తు గీతల గురించి చెప్పినా, చేపల చెరువుల గురించి చెప్పినా ఆసక్తిగా వింటాడు. చిత్రం అక్కడ మొదలుపెట్టండి. సూర్యోదయం తీసేయండి.

లెక్కలు సరిచూడండి. ఒకచోట కొల్లేరు 76 వేల ఎకరాలన్నారు, ఇంకోచోట రెండు లక్షల ఇరవై వేలు దాటుతుందన్నారు. రెండూ నిజమే, కానీ ఒకటి కాదు. 1999లో అభయారణ్యంగా ప్రకటించింది ఐదో కాంటూరు లోపలి 308 చదరపు కిలోమీటర్లు, అది సుమారు 76 వేల ఎకరాలు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో, అంటే రామ్‌సర్ జాబితాలో, చేరింది 901 చదరపు కిలోమీటర్లు, పదో కాంటూరు దాకా. ఈ తేడా చెప్పకపోతే, తెలిసినవాళ్లు మీ మిగతా మాటల్నీ అనుమానిస్తారు. చెబితే మాత్రం అదే మీ కథకు గట్టి ముడి, ఎందుకంటే కొల్లేటి గొడవ అంతా హద్దు గీత ఎక్కడన్నదాని మీదే కదా.

దోనెలో కూర్చున్న పెద్దాయన మీ చిత్రానికి ప్రాణం. 2006లో చేపల చెరువుల గట్లు కొట్టినప్పుడు ఏ గట్టు ఎక్కడుండేదో గెడతో నీళ్ల మీద చూపిస్తాడు. ఆయన రెండు నిమిషాలు మాట్లాడితే ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో మీకు నాలుగు ముక్కలు మిగిలాయి. ఆయన గుర్రపుడెక్క అంటే కింద ‘మొక్క’ అని వేశారు. వాటర్ హైసింత్ అని వేస్తే ఎన్నో దేశాల్లో సరస్సుల దగ్గర పుట్టినవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది, ఆ పీడ వాళ్లకూ తెలుసు. ఉప్పుటేరు, బుడమేరు, తమ్మిలేరు పేర్లు అనువదించకండి, అలాగే ఉంచి ఒక్కసారి పటం చూపించండి. సబ్‌టైటిల్ వరుసకు 42 అక్షరాలు దాటనివ్వకండి, ఒకేసారి రెండు వరుసలకు మించొద్దు. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లకు ఇవ్వడం మంచిదే, కానీ కొల్లేరు తెలిసినవాళ్లు పక్కన కూర్చోవాలి. ఇద్దరూ లేకుండా ఆ పని అవదు.

వెనక వేణువు మీద వస్తున్నది సినిమా పాట బాణీ. ఎవరు వాయించినా ఆ బాణీకి హక్కుదారులు ఉంటారు. దరఖాస్తులో సంగీతం హక్కులన్నీ మావే అని సంతకం చేయాలి, ఆ బాణీ ఉండగా మీరు చేయలేరు. తీసేయండి. పెద్ద గూడబాతులు దాదాపు మౌనంగా ఉంటాయి, గోలంతా పిల్లలదే. ఆ గోల మీ దగ్గర బోలెడంత ఉంది. అంతకంటే మంచి సంగీతం మీకు దొరకదు.

ఇక డ్రోన్ సంగతి, మాస్టారూ. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది, అయినా రాస్తాను. 9వ నిమిషంలో డ్రోన్ కిందికి దిగేసరికి పక్షులన్నీ ఒక్కసారి లేచాయి. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. కానీ గూళ్లలో గుడ్లు, ఈకలు రాని పిల్లలు ఉన్న కాలం అది. తల్లి లేచిన ఆ కాసేపట్లో కాకి దిగుతుంది, గద్ద దిగుతుంది, ఎండ దెబ్బ తగులుతుంది. నేనూ ఒకప్పుడు కోరంగి మడ అడవుల్లో పనిచేస్తున్నప్పుడు, గూడు బాగా కనపడాలని అడ్డంగా ఉన్న కొమ్మను మా కుర్రాడితో పక్కకు కట్టించాను. మర్నాడు పొద్దున వెళ్తే గూడు ఖాళీ. ఆ షాట్ ఎక్కడా వాడలేదు, ఆ కొమ్మ మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంటుంది. మీకు తెలియక జరిగిందని నాకు తెలుసు. ఆ షాట్ తీసేయండి, మళ్లీ అక్కడ ఎగరేయించకండి. ఈ ఉత్సవాల్లో చాలావాటి దరఖాస్తుల్లో, చిత్రీకరణలో జంతువులకు హాని చేయలేదని, అనుమతులు ఉన్నాయని రాసివ్వమంటారు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలో చిత్రీకరణకు ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి అనుమతి కావాలి. ఏలూరులో అటవీశాఖ వన్యప్రాణి విభాగం వారిని కలిసి, ఏం తీశారో ఉన్నదున్నట్టు చెప్పి, ఏ కాగితం కావాలో అడగండి. కాగితం చేతికి వచ్చాకే పంపండి. ఒక ఏడాది ఆలస్యమైనా ఫర్వాలేదు.

ఇవన్నీ చేస్తే చిత్రం 20, 22 నిమిషాలకు వస్తుంది. ఆస్కార్ వాళ్ల లెక్కలో 40 నిమిషాల్లోపు ఉంటే లఘుచిత్రమే, కానీ ప్రతి ఉత్సవానికీ తన లెక్క ఉంటుంది. గంటన్నర ప్రదర్శనలో నాలుగైదు చిత్రాలు కూర్చేవాళ్లకు 38 నిమిషాలది ఇమడదు, 22 నిమిషాలది ఇముడుతుంది.

ఎక్కడికంటే, ముందు మన దేశంలో. ఢిల్లీలో సెంటర్ ఫర్ మీడియా స్టడీస్ వాళ్లు 2002లో మొదలుపెట్టిన సీఎంఎస్ వాతావరణ్ అచ్చంగా పర్యావరణం, వన్యప్రాణుల మీద ఉత్సవం. 2020లో మొదలైన ఆల్ లివింగ్ థింగ్స్ ఎన్విరాన్‌మెంటల్ ఫిల్మ్ ఫెస్టివల్ కూడా ఈ కోవదే. డాక్యుమెంటరీలకు ముంబైలో 1990 నుంచి రెండేళ్లకోసారి జరిగే మిఫ్ (ముంబై అంతర్జాతీయ చిత్రోత్సవం) ఉంది, తిరువనంతపురంలో కేరళ చలనచిత్ర అకాడమీ జరిపే డాక్యుమెంటరీ, లఘుచిత్రోత్సవం ఉంది. బయట ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో 1982 నుంచి ఉన్న వైల్డ్‌స్క్రీన్, అమెరికాలో మోంటానా రాష్ట్రం మిస్సౌలాలో 1977 నుంచి జరుగుతున్న వన్యప్రాణి చిత్రోత్సవం పేరున్నవి. అన్నిటికీ ఒకేసారి పంపకండి. కొన్నిచోట్ల తొలి ప్రదర్శన తమ దగ్గరే జరగాలన్న షరతు ఉంటుంది. అది ముందు చదివి, వరుస వేసుకోండి. అప్పటిదాకా యూట్యూబ్‌లో అందరికీ కనపడేలా పెట్టొద్దు.

ప్రశ్న: పర్యావరణ చిత్రానికి సెన్సార్ సర్టిఫికెట్ తప్పనిసరా? (ఖమ్మం నుంచి ఒక పాఠకుడు)

ఉత్సవంలో ప్రదర్శనకు అక్కర్లేదు. సినిమాటోగ్రాఫ్ చట్టం కింద కేంద్ర సమాచార ప్రసార శాఖ నుంచి ఉత్సవ నిర్వాహకులే మినహాయింపు తెచ్చుకుంటారు. టికెట్ పెట్టి థియేటర్లో ఆడించాలంటే కావాలి. సర్టిఫికెట్ లేదని దరఖాస్తు ఆపకండి.

ప్రశ్న: మాది బద్వేలు వైపు. కలివికోడి మీద చిత్రం తీస్తున్నాను. ఏడాదిన్నర లంకమల చుట్టూ తిరిగినా పక్షి కనపడలేదు. పక్షి లేని పక్షి చిత్రం ఎవరు తీసుకుంటారు? పాత ఫొటోలు వాడితే చాలా? రాత్రిళ్లు దాని కూత ఫోన్‌లో పెట్టి పిలుద్దామని మిత్రులు అంటున్నారు.

కనపడకపోవడమే మీ చిత్రం, తమ్ముడూ. 1900 తర్వాత ఎవరికీ కనపడక, ఇక లేదనుకున్న పక్షి 1986 జనవరిలో లంకమల దగ్గర మళ్లీ దొరికింది. దొరికింది కూడా శాస్త్రవేత్తల దుర్భిణిలో కాదు, చీకట్లో అడవి దారులు తెలిసిన స్థానికుడి టార్చి వెలుగులో. దాని కోసం అభయారణ్యం వచ్చింది, తెలుగుగంగ కాలువ దారి మారింది. ఇంత జరిగిన చోట ఇప్పుడు మనిషి ముళ్లపొదల మధ్య కూర్చుని ఎదురుచూస్తున్నాడంటే, ఆ ఎదురుచూపు తీయండి. మేకలు కాసేవాళ్లు, కట్టెలకు వెళ్లేవాళ్లు, వాళ్ల నాన్నలు చూశారని చెప్పేవాళ్లు మీ మనుషులు. రాత్రి అడవి ధ్వని రికార్డు చేసి, తెర నల్లగా ఉంచి ఒక నిమిషం వినిపించండి. ధైర్యం కావాలి గానీ, నేను వడపోతలో ఉంటే ఆ నిమిషాన్ని వదులుకోను.

కూత పెట్టి పిలవడం మాత్రం వద్దు. ఉన్నవే వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉన్నప్పుడు, లేని శత్రువు వచ్చిందని నమ్మించి ఒక పక్షిని దాని పొద నుంచి బయటికి లాగడం అది. మీ చిత్రంలో ఊరి పేరు, దారి, కొండ ఆనవాలు తెలిసేలా కూడా పెట్టకండి, ఒకవేళ నిజంగా జాడ దొరికితే మరీనూ. పాత ఫొటోలకు తీసినవారి నుంచి లిఖిత అనుమతి తీసుకోండి, ఇంటర్నెట్‌లో దొరికినవి వాడొద్దు.

దరఖాస్తులో మూడు వాక్యాల సారాంశం అడుగుతారు. మీరు పంపిన సారాంశంలో ‘జీవవైవిధ్యం’ మూడుసార్లు, ‘అంతరించిపోతున్న’ రెండుసార్లు ఉంది, మీరు మాత్రం లేరు. రాత్రి ఎనిమిదికి టార్చి పట్టుకుని బయల్దేరే మనిషిని మొదటి వాక్యంలో పెట్టండి.

ప్రశ్న: శ్రీకాకుళం జిల్లాలో డిగ్రీ చదువుతున్నాను. తాబేళ్ల మీద 6 నిమిషాల చిత్రం తీశాను. ఆన్‌లైన్‌లో పదకొండు ఉత్సవాలకు ఫీజు కట్టాను, తొమ్మిది వేలు అయింది. ఏడు అవార్డులు వచ్చాయి, కానీ ఎక్కడా ప్రదర్శించలేదు. ఇది మామూలేనా అక్కా?

మామూలు కాదమ్మా, మోసానికి దగ్గరి చుట్టం. నెలనెలా పోటీ పెట్టి, యాభై విభాగాలు చూపించి, కట్టినవాళ్లందరికీ అవార్డు గుర్తంటూ ఆకుల దండ బొమ్మ పంపేవి ఉత్సవాలు కావు. మొదట్లో నాకూ ఒకటి తగిలింది. ఫీజు కట్టాక ట్రోఫీకి విడిగా డబ్బు అడిగారు. హాలు ఎక్కడని అడిగితే జవాబు లేదు.

కట్టేముందు మూడు చూడు. పోయినేడాది ఏ ఊళ్లో, ఏ హాల్లో వేశారు, ఏ చిత్రాలు వేశారు? న్యాయనిర్ణేతల పేర్లు ఉన్నాయా? ఆ జాబితాలో చిత్రం ఉన్న ఒకరికి మెయిల్ రాస్తే ఏమంటారు? ఫిల్మ్‌ఫ్రీవే లాంటి వేదికలో ఉన్నంత మాత్రాన నమ్మకం రాదు, అది దరఖాస్తు తీసుకెళ్లే తపాలా పెట్టె మాత్రమే. గడువు దగ్గరపడేకొద్దీ ఫీజు పెరుగుతుంది కాబట్టి తొలి గడువులోనే పంపు. విద్యార్థులకు తగ్గింపు ఉంటుంది, లేకపోతే మర్యాదగా మెయిల్ రాసి అడుగు. అడిగితే మాఫీ చేసేవాళ్లు ఉన్నారు. ఆ ఏడు బొమ్మలూ పోస్టర్ మీద నుంచి తీసెయ్. తెలిసినవాళ్లు వాటిని చూసి చిత్రాన్ని తక్కువగా చూస్తారు, నీ చిత్రం తక్కువది కాదు. తెల్లారుజామున ఆలివ్ రిడ్లీ తాబేలు వెనక్కి వెళ్తుంటే ఇసుకలో మిగిలిన రెండు వైపుల గీతలు తీశావు చూడు, అలల నీళ్లు వచ్చి చెరిపేదాకా ఆగావు. ఆ ఓపికకు ఎవరి ముద్రా అక్కర్లేదు.

ప్రశ్న: ఎంపికైతే థియేటర్ కాపీ ఇవ్వాలంటున్నారు. డీసీపీ అంటే ఏమిటి? (హైదరాబాద్ నుంచి)

థియేటర్ ప్రొజెక్టర్ సర్వర్ చదివే ఫైళ్ల మూట. చాలా ఉత్సవాలు ఇప్పుడు ప్రోరెస్, హెచ్.264 రకం వీడియో ఫైళ్లు కూడా తీసుకుంటాయి, వాళ్లిచ్చిన కొలతల కాగితం అక్షరం అక్షరం చదవండి. నా చిత్రం ఒకసారి డీసీపీ చేయించి, డ్రైవ్ పట్టుకుని రైల్లో వెళ్లాను. స్టూడియో వాళ్లు దాన్ని మామూలు విండోస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిచ్చారు, ఆ హాల్ సర్వర్ దాన్ని గుర్తించనే లేదు. జనం కూర్చుని ఉన్నారు. చివరికి లాప్‌టాప్‌లో ఉన్న చిన్న కాపీ వేశారు. మడ అడవి ఆకుపచ్చంతా తెర మీద బురదగా కనపడింది. డ్రైవ్ ఏ ఫార్మాట్‌లో కావాలో ముందే అడగండి, వారం ముందే పంపి పరీక్షించమని చెప్పండి.

ఫోన్‌తో తీసేవాళ్లకు ఇంకొకటి. ఫోన్ సెకనుకు ఇన్ని ఫ్రేములని నిలకడగా తీయదు, మారుస్తూ ఉంటుంది. అలాగే ఎడిటింగ్‌లోకి తెస్తే మాట పెదవుల వెనక పడుతుంది, మాస్టారి చిత్రంలో దోనె పెద్దాయన మాట చివరికి అలాగే జారింది. ముందుగా ఫైళ్లను స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకోండి. క్లిప్పులు వాట్సాప్‌లో పంపుకోవద్దు, సగం వివరం అక్కడే పోతుంది.

ప్రశ్న: ఇన్ని చిత్రాలు తీసి, పంపి, చూసి ఏం ఒరిగింది? నిజంగా ఒక చిత్రం వల్ల ఏదైనా బతికిందా? (విజయనగరం నుంచి ఒక గృహిణి)

బతికిందండి. గుజరాత్ తీరంలో తిమింగలసొరల్ని కాలేయం నూనె కోసం, మాంసం కోసం చంపేవారు. అది లోకంలోకెల్లా పెద్ద చేప, మనిషి జోలికి రాదు. దర్శకుడు మైక్ పాండే ఆ వేట మీద తీసిన ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ 2000లో వైల్డ్‌స్క్రీన్‌లో పాండా అవార్డు తెచ్చుకుంది. 2001 మే నెలలో కేంద్ర ప్రభుత్వం ఆ చేపను వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చింది. పులికి ఉన్న రక్షణే దానికీ వచ్చింది. మన దేశంలో ఒక చేపకు అలా జరగడం అదే మొదలు. మరుసటి ఏడాది అంతర్జాతీయ వ్యాపారం మీదా ఆంక్షలు వచ్చాయి. తర్వాత వేటాడిన జాలర్లే, వలలో పడితే వల కోసి వదిలే దాకా వచ్చారు. అందులో చిత్రం ఒక్కదాని పుణ్యమే ఉందనను, ఏళ్ల తరబడి తీరం వెంట తిరిగి చెప్పినవాళ్లు ఉన్నారు. కానీ ఢిల్లీలో నిర్ణయం తీసుకునేవాళ్లకు ఆ ఒడ్డు మీది నెత్తురు చూపించింది ఆ చిత్రమే.

అంత పెద్దది జరగకపోయినా సరే. కోరంగి మీద నా చిత్రాన్ని ఎక్కడికీ పంపకముందు, తీసిన ఊళ్లోనే రామాలయం పక్కన దుప్పటి కట్టి వేశాం. చిత్రం సగంలో పీతలు పట్టే ఒక పెద్దావిడ లేచి, ఆ కాలువ పేరు అది కాదు అంది. నేను పటంలో చూసి వేసిన పేరు వేరే కాలువది. ఆ కాలువకు వాళ్లు పిలిచే పేరు, అక్కడ ఏ నెలలో నీటిపిల్లులు దిగుతాయో, ఏ మడ చెట్టు కొట్టకూడదని వాళ్ల అత్తగారు చెప్పేదో, వరసగా చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్లు అందుకున్నారు. చిత్రం ఆపేసి, రికార్డర్ తీశాను. ఆ రాత్రి పదకొండున్నర దాకా కూర్చున్నాం. మర్నాడు సబ్‌టైటిల్‌లో కాలువ పేరు మార్చి, ఆవిడ గొంతును చివర్లో కలిపి, అప్పుడు పంపాను.

మాస్టారూ, మీరూ ఆ పెద్దాయనకు ముందు చూపించండి. గట్టు ఎక్కడుందో ఆయన గెడతో చూపించిన చోటు మీరు పటంలో సరిగ్గా గుర్తుపెట్టారో లేదో ఆయనే చెప్పాలి.